గర్డరు అంచుకు తేనెపట్టు కవచం: దెబ్బను మింగే ప్యానెళ్లపై ఒక నిర్వహణ ఇంజనీరు సమీక్ష

వంతెన కింద నిలబడి అంచు గర్డరు (వంతెనను మోసే పొడవాటి దూలం) అడుగు మూలను ఒకసారి పరిశీలనగా చూస్తే, ఆ దారిలో ఎలాంటి బండ్లు తిరుగుతున్నాయో, వాటిలో ఎన్ని పైకి తగిలాయో తెలిసిపోతుంది. మా నిర్వహణలో ఉన్న ఒక అండర్‌పాస్‌కు క్వారీ వైపున్న గర్డరు మూల కొన్నిచోట్ల పెచ్చులూడి, ఒకచోట స్టిరప్పు కడ్డీ (లోపలి ఇనుమును చుట్టి పట్టుకునే కడ్డీ) బయటపడి, ఆ పక్కనే నీలి రంగు గీతలతో ఉండేది. తొట్టి దించకుండా బయలుదేరిన టిప్పరు వదిలిపోయిన రంగు అది. ఊడిన చోట మరమ్మతు చేసి, మరో దెబ్బ పడేలోగా ఏదైనా రక్షణ కల్పించాలన్న ఉద్దేశంతో దెబ్బను మింగే ప్యానెళ్లను తెప్పించి, ఆ గర్డరు ముఖానికి బిగించాము. అప్పటి నుంచి ఒక వర్షాకాలం, ఒక వేసవి గడిచాయి. మధ్యలో ఒకసారి వాటికి దెబ్బ కూడా తగిలింది. ఇలాంటి ప్యానెళ్లు కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి ఇంజనీర్లకు పనికివస్తుందని మా అనుభవాన్ని, మేము వేసుకున్న లెక్కలను ఇక్కడ రాస్తున్నాను. సరఫరాదారు పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే లోపాలు చాలావరకు ఈ తరహా ప్యానెళ్లన్నింటికీ ఉండేవే.

మూల పెచ్చులూడితే ఇంత పట్టించుకోవాలా అని అడిగేవారికి ముందుగా ఒక ఉదాహరణ చెప్పాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఐ-70 రహదారి మీదుగా వెళ్లే లేక్ వ్యూ డ్రైవ్ వంతెన 1960లో ప్రీస్ట్రెస్డ్ (లోపలి ఉక్కును లాగి బిగించిన) కాంక్రీటు పెట్టె దూలాలతో కట్టినది. 2005 డిసెంబరు 27న దాని అంచు దూలం సొంత బరువుకే విరిగి కింది రహదారి మీద పడింది. ఆ రోజు దాన్ని ఏ లారీ ఢీకొట్టలేదు. అంతకు ముందెప్పుడో ఎత్తైన వాహనాలు తగిలి అడుగు కాంక్రీటు ఊడింది; బయటపడిన ఉక్కు స్ట్రాండ్‌లకు ఏళ్ల తరబడి నీరూ ఉప్పూ తగిలి తుప్పు పట్టింది; పైకి కనిపించినదానికంటే లోపలి నష్టం చాలా ఎక్కువగా ఉంది. ఏడు సన్నని తీగలు పేనిన స్ట్రాండు మామూలు కడ్డీలాంటిది కాదు. అది ఎప్పుడూ లాగి కట్టిన వీణ తీగలా బిగుతులో ఉంటుంది కనుక, తుప్పు కొంచెం తిన్నా తెగే ప్రమాదం ఎక్కువ. అందుకే గర్డరు మూలకు తగిలిన దెబ్బను ఆ రోజు ఊడిన కాంక్రీటుతో కొలవకూడదని నా అభిప్రాయం. దెబ్బ వల్ల తెరుచుకున్న దారి గుండా తర్వాతి ఇరవై ఏళ్లలో లోపలికి పోయే నీటితో కొలవాలి. ప్యానెల్ నిజంగా కాపాడేది ఉక్కును కప్పి ఉంచే ఈ కవర్ కాంక్రీటునే.

అమెరికాలో 1989 నుంచి 2000 వరకు కూలిన 503 వంతెనల మీద జరిగిన ఒక అధ్యయనం, సగానికి పైగా వరదల వల్ల, పునాదుల కింద మట్టి కోసుకుపోవడం వల్ల పడిపోయాయని తేల్చింది. అధిక భారంతో పాటు లారీలు, ఓడలు, రైళ్లు ఢీకొనడం వల్ల పడినవి దాదాపు ఐదో వంతు. మన దగ్గర వరద భయం అందరికీ తెలిసిందే; ఢీకొనడం గురించిన శ్రద్ధ మాత్రం అంతగా కనిపించదు.

ఇక ప్యానెల్ సంగతి. వీటి వెనకున్న ఆలోచన కొత్తది కాదు. ఎత్తైన లారీల దెబ్బల నుంచి కాంక్రీటు దూలాలను కాపాడేందుకు అల్యూమినియం తేనెపట్టు గళ్లను రేకుల మధ్య పొరలు పొరలుగా అమర్చి, దెబ్బ తగిలినట్టు తెలియజేసే సెన్సర్లను కూడా కలిపిన ఐ-ల్యామ్ అనే ప్యానెళ్లపై ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిగింది. మేము తెప్పించినవి సెన్సర్లు లేని సాదా రకం. ముందు ఒక మందపాటి ముఖపు రేకు, దాని వెనక తేనెపట్టు గళ్లు, వాటి వెనక ఒక పలుచని రేకు, గర్డరుకు ఆనుకునే చోట రబ్బరు పొర ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు గళ్ల గోడలు మడత మీద మడత పడుతూ కుదించుకుపోతాయి. ఒకసారి నలిగిన గళ్లు తిరిగి లేవవు, అంటే ప్రతి ప్యానెల్ ఒక్క పెద్ద దెబ్బకే పనికివస్తుంది.

బిగించే ముందు ఒక ముక్కను కోయించి, ఇంజనీరింగ్ కళాశాలలో కాంక్రీటు ఘనాలను పరీక్షించే యంత్రం కింద నొక్కించాము. మొదట బలాన్ని చూపే సూది ఒక్కసారిగా పైకి లేచి, గళ్లు మడవడం మొదలవగానే కొంత దిగి, ఆ తర్వాత చాలాసేపు దాదాపు ఒకే దగ్గర నిలబడింది. గళ్లు పూర్తిగా నలిగి గట్టిపడ్డాక మళ్లీ పైకి ఎగబాకింది. తేనెపట్టు గళ్ల స్వభావమే ఇది. మధ్యలో నిలకడగా ఉన్న ఆ భాగమే మనం డబ్బు పెట్టి కొనేది. మొదటి శిఖరం మాత్రం నష్టమే, ఎందుకంటే ఆ క్షణంలో ఆ బలమంతా గర్డరు మీదికే పోతుంది. తయారీలోనే గళ్లను కొద్దిగా ముందే నొక్కి ఉంచితే ఆ శిఖరం పోతుంది. మా సరఫరాదారు అలా చేయలేదు. మేమూ అడగాలని అప్పటికి అనుకోలేదు. రెండో ముక్కను ఏటవాలుగా ఉంచి నొక్కినప్పుడు గళ్లు మడతపడే బదులు పక్కకు ఒరిగిపోయాయి, నిలకడ భాగం స్పష్టంగా తగ్గింది. నిజమైన దెబ్బ ఎప్పుడూ నిటారుగా తగలదు. ఢీకొట్టిన లారీ ముందు భాగం పైకి లేస్తుంది, అందుకే యూరోకోడ్ (యూరప్ దేశాల నిర్మాణ ప్రమాణాలు) కూడా ఆ బలాన్ని పది డిగ్రీల పైవాలుతో తీసుకోమంటుంది. ప్యానెళ్ల కరపత్రాలలో నిటారు పరీక్ష అంకెలే కనిపిస్తాయి కాబట్టి, కొనేవారు ఏటవాలు పరీక్ష ఫలితాన్ని తప్పకుండా అడగాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే భాగం ఇదే. ఇరవై టన్నుల లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తే దానిలోని గతిశక్తి దాదాపు 19 లక్షల జూళ్లు. పది సెంటీమీటర్ల మందం ఉన్న ప్యానెల్ ఏడు సెంటీమీటర్ల మేర నలుగుతుందనీ, దాని నలిగే బలం చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అనీ, దెబ్బ అర చదరపు మీటరు మేర పరుచుకుంటుందనీ అనుకుందాం. అప్పుడు ప్యానెల్ నలుగుతున్నంతసేపు గర్డరు మీదికి వెళ్లే బలం 500 కిలోన్యూటన్లు, అంటే సుమారు 50 టన్నుల బరువుకు సమానం. ప్యానెల్ మింగే శక్తి 35,000 జూళ్లు. అది లారీలో ఉన్న శక్తిలో రెండు శాతం కూడా కాదు. లారీని ప్యానెల్ ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. ఆ ఏడు సెంటీమీటర్లు నలగడానికి పట్టే కాలం సెకనులో రెండు వందల వంతు మాత్రమే.

అయితే ఈ లెక్కను చూసి ప్యానెల్ పనికిరానిదని తీర్మానించడం కూడా పొరపాటే. చాలా సందర్భాలలో లారీ మొత్తం గర్డరుకు గుద్దుకుని ఆగిపోదు. తొట్టి పై అంచు వంగుతుంది, హైడ్రాలిక్ జాకీ దగ్గర విరుగుతుంది, లోడు జారిపోతుంది, ట్రెయిలర్ మీది యంత్రం గొలుసులు తెంచుకుని వెనక్కి ఒరుగుతుంది. ఆ పనులన్నిటికీ కొంత బలం, కొంత కాలం కావాలి. కాంక్రీటుకు ఉక్కు నేరుగా తగిలితే బలం సూదిమొనలా లేచి మూలను పగలగొట్టేస్తుంది. మధ్యలో నలిగే పొర ఉంటే ఆ మొన తెగి, దెబ్బ కొంత కాలం మీద పరుచుకుంటుంది. రహదారి మీదున్న వంతెన పైభాగానికి, అంటే గర్డర్లు, స్లాబుకు, తగిలే దెబ్బకు సమానంగా లెక్కలో తీసుకోమని యూరోకోడ్ సూచించిన స్థిర బలం పెద్ద రహదారులపై 500, గ్రామీణ రహదారులపై 375, పట్టణ రోడ్లపై 250 కిలోన్యూటన్లు. కింది ఖాళీ ఐదు మీటర్ల లోపు ఉంటే ఆ బలాన్ని పూర్తిగా తీసుకుని, ఆరు మీటర్లకు చేరేసరికి సున్నా చేయవచ్చని ఆ కోడ్ సూచన. కాబట్టి ప్యానెల్ నలిగే బలాన్ని మన గర్డరు, దాన్ని పక్క గర్డర్లతో కలిపే అడ్డ దూలాలు (డయాఫ్రమ్‌లు) తట్టుకోగల బలానికి సరిపోయేలా ఎంచుకోవాలి. మరీ మెత్తనిదైతే వెంటనే పూర్తిగా నలిగిపోతుంది, మరీ గట్టిదైతే అది ఉన్నా లేనట్టే. మందం ఎంత, బరువు ఎంత అని అడిగేవారే కానీ, నలిగే బలం ఎంత అని అడిగే కొనుగోలుదారు నాకు ఇంతవరకు కనిపించలేదు.

మరో చిక్కు పొక్లెయిన్‌తో ఉంది. ట్రెయిలర్ మీద చేయి సరిగా మడవకుండా తీసుకువెళ్లే పొక్లెయిన్ మొన ఇరవై సెంటీమీటర్ల చదరమంత చోటనే తగులుతుంది. అంత చిన్న చోట గళ్లు ఇచ్చే నిరోధం పై లెక్క ప్రకారం 40 కిలోన్యూటన్లే. మొన గళ్లను వెన్నలా చీల్చుకుని కాంక్రీటును చేరుతుంది. దీన్ని ఆపగలిగేది ముఖపు రేకు ఒక్కటే; అది మందంగా ఉండి దెబ్బను చుట్టూ పరిస్తేనే వెనకున్న గళ్లు పనిలోకి వస్తాయి. మాకు వచ్చిన ప్యానెళ్ల ముఖపు రేకు ఈ పనికి పలుచన అని నా అంచనా. గడ్డి లోడు ట్రాక్టర్ల విషయంలో ఇంత ఆలోచన అక్కరలేదు, గడ్డే మెత్తని ప్యానెల్‌లా పనిచేసి గర్డరుకు ఏమీ కాకుండా చూస్తుంది.

బిగింపు పని మేము అనుకున్నదానికంటే కష్టమైంది. కాంక్రీటుకు ఏది తగిలించాలన్నా యాంకర్ బోల్టు కోసం డ్రిల్లు వేయడం మనకు అలవాటు. ప్రీస్ట్రెస్డ్ గర్డరు అడుగు భాగంలో అది చాలా ప్రమాదకరం. అక్కడే స్ట్రాండ్‌లు దట్టంగా ఉంటాయి, వాటిని కాపాడటానికే కదా మనం ప్యానెల్ పెడుతున్నది. సరఫరాదారు పంపిన మనుషులు నేరుగా డ్రిల్లు తీశారు. మా మేస్త్రీ అడ్డుపడి, "ఆగండి సార్, లోపల కేబుల్ ఎక్కడుందో చూడకుండా బెజ్జం వేస్తే రేపు గర్డరుకి మనమే లారీ అవుతాం" అన్నాడు. ఆ మాటకు నేను అతనికి రుణపడి ఉన్నాను. కాంక్రీటు లోపలి ఉక్కును పసిగట్టే కవర్ మీటరుతో ముఖమంతా వెతికించి, చివరికి బెజ్జాలు లేకుండా గర్డరు కింది ఉబ్బును రెండు వైపుల నుంచి పట్టుకునే ఉక్కు బిగింపులతో పని పూర్తిచేశాము. ఈ పద్ధతిలో ఖర్చూ, సమయమూ పెరిగినా, వేరే దారిని నేను సిఫారసు చేయను.

బిగింపు పట్టీ గర్డరు అడుగున వెళ్తుంది కాబట్టి ఆ మేరకు కింది ఖాళీ తగ్గిపోతుంది. జాతీయ రహదారుల మీద వాహనాల అండర్‌పాస్‌కు ఐదున్నర మీటర్ల నిలువు ఖాళీ ఉండాలన్నది నియమం. కట్టిన రోజున అంతే ఉంటుంది. తర్వాత కింది రోడ్డుకు పాత తారును గీకకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతారు, ఎత్తు బోర్డు మీది అంకె మాత్రం మారదు. మేము టేపు పెట్టి కొలిచినప్పుడు బోర్డు మీది అంకెకూ నిజమైన ఖాళీకీ తేడా కనిపించింది; ప్యానెల్ బిగించాక మళ్లీ కొలిచి, కొత్త అంకెతో బోర్డు రాయించాము. ప్యానెళ్లను అడుగున పరచకుండా నిలువు ముఖానికీ మూలకూ మాత్రమే పరిమితం చేయడం వల్ల నష్టం పట్టీ మందానికే పరిమితమైంది.

వర్షాకాలంలో రెండు లోపాలు బయటపడ్డాయి. ప్యానెళ్ల అతుకుల దగ్గర పై నుంచి నీరు దిగి, వెనక రబ్బరు పొరకూ గర్డరుకూ మధ్య నిలిచింది. అడుగున నీరు పోయే బెజ్జాలు ఉన్నా, అవి రబ్బరు వెనక ఉన్న నీటికి అందే చోట లేవు. కాంక్రీటును పొడిగా ఉంచడానికి పెట్టిన వస్తువే దాన్ని తడిగా ఉంచడం నాకు చాలా ఆందోళన కలిగించింది. పై అంచుకు వాలుగా ఒక రేకు కప్పి, రబ్బరు పొరను నిలువు పట్టీలుగా కోసి మధ్యలో గాలి ఆడే సందులు వదిలాక ఆ సమస్య తీరింది. రెండోది, ఉక్కు బిగింపులు అల్యూమినియానికి నేరుగా తాకిన చోట తెల్లని బూడిదలా లోహం తినేయడం మొదలైంది. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే జరిగేది ఇదే. మధ్యలో నైలాన్ వాషర్లు పెట్టించాము. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాలలో ఉప్పు గాలి తోడవుతుంది కాబట్టి, అక్కడ ఈ జాగ్రత్త మొదటి రోజే తీసుకోవాలి.

అల్యూమినియం దొంగల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వంతెన రెయిలింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింటు పట్టీలు పోయిన అనుభవం ఉన్నవారికి వివరించనక్కరలేదు. ప్రత్యేకమైన తల ఉన్న, మామూలు పానాకు లొంగని బోల్టులు వాడటం వల్ల ఇంతవరకు మా ప్యానెళ్లు పదిలంగానే ఉన్నాయి.

దెబ్బ తగిలిన రోజు సంగతి. రాత్రిపూట ఒక ఖాళీ టిప్పరు తొట్టి కొంచెం లేచి ఉండగానే నెమ్మదిగా వచ్చి తగిలింది. ఒక ప్యానెల్ ముఖం లోపలికి గుంటపడింది, పక్క ప్యానెల్ అంచు మడిచిపోయింది. దెబ్బతిన్న ప్యానెల్ ఒక వైపు ఊడి కిందికి వేలాడింది. ప్రతి ప్యానెల్‌కూ వెనక వైపు కట్టించిన వైరు తాడు లేకపోతే అది కింద వెళ్లే ద్విచక్ర వాహనం మీద పడి ఉండేది. ఆ తాడు సరఫరాదారు ఇచ్చినది కాదు, మేము అదనంగా కట్టుకున్నది. ప్యానెల్ విప్పి చూస్తే వెనక కాంక్రీటు మీద గీత కూడా లేదు. అంతకు ముందు అదే చోట, దాదాపు అలాంటి దెబ్బకే కడ్డీ బయటపడింది కాబట్టి నాకు తృప్తి కలిగింది. కానీ నెమ్మదిగా వచ్చిన ఖాళీ బండి దెబ్బ ఒక్కటి చూసి, రాళ్ల లోడుతో వేగంగా వచ్చే బండికి ఇదే ఫలితం ఉంటుందని చెప్పడం న్యాయం కాదు. పై లెక్క కూడా అదే చెబుతోంది.

ప్యానెల్‌కు ముందు ఆలోచించవలసిన మార్గాలు వేరే ఉన్నాయి. రైల్వే కింది దారులకు ముందు పట్టాలతోనో ఉక్కు దూలాలతోనో నిలబెట్టే హైట్ గేజ్ మనందరికీ తెలిసినదే. ఎత్తైన బండి దానికే తగిలి ఆగుతుంది, వంతెన మీదికి రాదు. చోటు ఉన్న ప్రతిచోటా దానికే నా మొదటి ఓటు. అయితే హైట్ గేజ్ కూడా బండ్లను రాకుండా చేయలేదు. నార్త్ కరోలినాలోని డర్హమ్ పట్టణంలో గ్రెగ్సన్ వీధి మీదున్న రైల్వే వంతెన ఖాళీ 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది. వంతెన ముందు బలమైన ఉక్కు దూలం, హెచ్చరిక బోర్డులు, ఎత్తును పసిగట్టి వెలిగే దీపాలు ఉన్నా లారీల పైకప్పులు ఒలిచిపోతూనే వచ్చాయి. 2019లో వంతెనను ఎనిమిది అంగుళాలు లేపాక కూడా అవి పూర్తిగా ఆగలేదు. అయినా రైలు వంతెనకు బదులు ఆ ఉక్కు దూలమే దెబ్బలన్నీ తింటోంది కదా, దాన్ని పెట్టిన ప్రయోజనం అదే. సిడ్నీ హార్బర్ సొరంగం దగ్గర ఎత్తైన లారీ వస్తే దారికి అడ్డంగా నీటి తెరను కురిపించి, దాని మీద పెద్ద ఆగుము గుర్తును వెలిగిస్తారు. హెచ్చరిక బోర్డును చూడని డ్రైవరు కూడా నీటి గోడను చూసి బ్రేకు వేస్తాడు. మన ఊరి అండర్‌పాస్‌కు అంత ఏర్పాటు సాధ్యం కాకపోయినా, ముందుగానే గొలుసులు వేలాడదీసి చప్పుడుతో డ్రైవరును మేల్కొలపడం సాధ్యమే.

అయితే ప్యానెల్‌కు చోటెక్కడ? సర్వీసు రోడ్డు నుంచి మలుపు తిరగగానే వంతెన కిందికి వచ్చే చోట, గేజ్ నిలబెట్టడానికి స్థలం లేనప్పుడు. అగ్నిమాపక వాహనాలకో, ప్రత్యేక అనుమతితో వెళ్లే పెద్ద లోడ్లకో దారిని గేజ్‌తో మూయలేని చోట. బండ్లు నెమ్మదిగా తిరిగే పట్టణ అండర్‌పాస్‌లలో. ఇప్పటికే దెబ్బతిని మరమ్మతు చేసిన గర్డరుకు కూడా ఇది తగినదే, ఎందుకంటే అతుకు వేసిన కాంక్రీటు రెండో దెబ్బకు మొదటిదానికంటే తేలికగా ఊడుతుంది. వేగంగా లారీలు వెళ్లే రహదారి మీద ప్యానెల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. స్లాబు ఇంకా పోయని, పక్క ఆధారం లేని గర్డర్లున్న నిర్మాణ స్థలంలోనైతే అసలే వద్దు. అక్కడ దెబ్బ మూలను పగలగొట్టడంతో ఆగదు, గర్డరును పీఠం మీద నుంచే తోసేస్తుంది. 2015 మార్చిలో టెక్సాస్‌లోని సలాడో దగ్గర ఐ-35 మీద కడుతున్న వంతెన దూలాలను లారీ ఢీకొట్టినప్పుడు అవి రహదారి మీద పడి ఒకరు చనిపోయారు.

కొన్నవారు పాటించవలసిన నియమం ఒకటి ఉంది. ప్యానెల్ ఉన్న గర్డరు కంటికి కనిపించదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల తనిఖీ మార్గదర్శకాలైన ఐఆర్‌సీ ఎస్‌పీ 35 ప్రకారం తనిఖీకి వచ్చినవారు మిగతా గర్డర్లను చూసి, ప్యానెల్ మీద చెయ్యి వేసి, బాగుందని రాసి వెళ్లిపోతే లేక్ వ్యూ డ్రైవ్ లాంటి తుప్పును మనమే దాచిపెట్టినట్టు అవుతుంది. అందుకే మేము బిగింపులను ఇద్దరు మనుషులు నిచ్చెన మీద నుంచి విప్పగలిగేలా మార్చుకున్నాము. ఏటా వర్షాలు వెనకబట్టాక ఒకసారి, దెబ్బ తగిలిన ప్రతిసారీ వెంటనే ప్యానెళ్లు దించి, గర్డరు మూలను సుత్తితో కొట్టి, బోలు చప్పుడు వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టి, ఫొటో తీసి, అదే రోజు వంతెన రిజిస్టరులో రాస్తున్నాము.